టోక్యోలో రైలు ప్రయాణం: మొదటిసారి వచ్చేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

టోక్యో రైలు మ్యాపు చూడగానే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. రంగురంగుల గీతలు, వందల స్టేషన్లు, నోరు తిరగని పేర్లు. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లయితే "ఇది మనవల్ల కాదులే" అనుకుని, కొడుకో కూతురో సెలవు రోజున తీసుకెళ్లేదాకా ఇంట్లోనే కూర్చుంటారు. అంత దూరం వచ్చి కిటికీలోంచి ఊరు చూడటం చాలా అన్యాయం. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు గుర్తుపట్టగలిగితే చాలు, ఎవరి సాయం లేకుండా ఈ నగరమంతా తిరగొచ్చు.

మ్యాపంతా బుర్రకెక్కించుకోవాల్సిన పనే లేదు. ఏ ప్రయాణానికైనా తెలియాల్సినవి నాలుగే: ఏ లైను, ఎటు వెళ్లే బండి, అది ఎక్కడెక్కడ ఆగే రకం, దిగాక ఏ ఎగ్జిట్. మొదటి రెండూ అందరూ చూసుకుంటారు. దారి తప్పేది చివరి రెండింటి దగ్గరే. అందుకే ఇందులో వాటి గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఈ రైళ్లు ఎవరివో తెలుసుకోండి

హైదరాబాద్ మెట్రోలో అమీర్‌పేట దగ్గర లైను మారితే టికెట్ మారదు, అంతా ఒకటే వ్యవస్థ. టోక్యోలో అలా కాదు. నేల మీద నడిచే పెద్ద లైన్లు చాలావరకు జేఆర్ ఈస్ట్ అనే రైల్వే సంస్థవి. భూగర్భంలో నడిచేవాటిలో 9 లైన్లు టోక్యో మెట్రోవి, 4 లైన్లు నగర ప్రభుత్వం నడిపే తోయెయి వాళ్లవి. ఇవి కాక శివార్లకు వెళ్లే కేసెయి, కేక్యూ, ఒదాక్యూ, తోబు లాంటి ప్రైవేటు రైల్వేలు ఉన్నాయి.

ఇది ఎందుకు తెలియాలంటే, ఒక సంస్థ రైలు దిగి ఇంకో సంస్థ రైలెక్కితే చార్జీ మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. టోక్యో మెట్రోకి, తోయెయికి మధ్య మారితే 70 యెన్లు తగ్గిస్తారు. అయినా మొత్తం మీద ఎక్కువే పడుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ఒకే చోటికి మూడు నాలుగు దారులు కనిపించినప్పుడు సమయంతోపాటు చార్జీ కూడా చూడండి. రెండు మూడు నిమిషాల తేడాకి సంస్థ మారే దారి పట్టనవసరం లేదు.

కార్డు తీసుకోండి, టికెట్ల జోలికి పోకండి

ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర ఆనించే కార్డులు సుయికా, పాస్మో అని రెండున్నాయి. సుయికా జేఆర్ ఈస్ట్ ఇచ్చేది, పాస్మో మిగతా సంస్థలు కలిసి ఇచ్చేది. ఏది తీసుకున్నా పైన చెప్పిన అన్ని సంస్థల రైళ్లలోనూ, నగర బస్సుల్లోనూ పనిచేస్తుంది. ఎంచుకోవడానికి బుర్ర బద్దలు కొట్టుకోకండి, దిగిన చోట ఏది దొరికితే అది. మామూలు కార్డుకి 500 యెన్లు డిపాజిట్ ఉంటుంది, కార్డు వెనక్కిస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. పర్యాటకుల కోసం ఎర్ర రంగు వెల్‌కమ్ సుయికా వేరేగా ఉంది. దానికి డిపాజిట్ లేదు కానీ 28 రోజులే చెల్లుతుంది, మిగిలిన డబ్బు వెనక్కి రాదు. నెలకు మించి ఉండేవాళ్లు మామూలు కార్డే తీసుకోవాలి.

మనిషికో కార్డు ఉండాలి. ఒకే కార్డుతో భార్యాభర్తలిద్దరూ గేటు దాటడం కుదరదు. ఆరేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే టికెట్ అక్కర్లేదు, ఒక పెద్దమనిషితో ఇద్దరిని ఉచితంగా తీసుకెళ్లొచ్చు. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు సగం చార్జీ. కార్డు మీద ఆ సగం పడాలంటే పిల్లల కార్డు విడిగా తీసుకోవాలి. దానికి పాస్‌పోర్ట్ చూపించాలి.

డబ్బులు వేసుకోవడానికి స్టేషన్లోని మెషీన్లలో ఇంగ్లీష్ బటన్ ఉంటుంది. చాలా మెషీన్లు నగదే తీసుకుంటాయి కాబట్టి జేబులో వెయ్యి యెన్ల నోట్లు కొన్ని ఉంచుకోండి. కార్డులో గరిష్ఠంగా 20,000 యెన్ల దాకా వేసుకోవచ్చు, కానీ ఒక్కసారే అంత అవసరం లేదు. దగ్గరి స్టేషన్లకు 200 యెన్లలోపే అవుతుంది. రెండు మూడు వేలు వేసుకుంటే కొన్ని రోజులు నిశ్చింత. ఇదే కార్డుతో సెవెన్ ఇలెవెన్ లాంటి దుకాణాల్లో, కూల్‌డ్రింక్ మెషీన్ల దగ్గర, స్టేషన్లోని లాకర్లకూ డబ్బు కట్టొచ్చు.

ఐఫోన్‌లోనూ సుయికా పెట్టుకోవచ్చు. మన దేశంలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో అది కుదరదు. కొన్ని సంస్థల గేట్ల దగ్గర క్రెడిట్ కార్డు కూడా తీసుకోవడం మొదలైంది. పెద్దవాళ్లకు మాత్రం చేతిలో ప్లాస్టిక్ కార్డే మంచిదని నా అభిప్రాయం.

దేశమంతా జేఆర్ రైళ్లలో తిరగడానికి పర్యాటకులు కొనుక్కునే జేఆర్ పాస్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ట్రావెల్ ఏజెంట్లు దాన్ని జపాన్ వెళ్లేవాళ్లందరికీ అంటగడుతుంటారు. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. అది మెట్రోలోనూ తోయెయిలోనూ చెల్లదు. టోక్యోలోనే తిరిగేవాళ్లకు అది దండగ. ఒకసారి క్యోటో వెళ్లి వచ్చినా ఆ డబ్బు గిట్టుబాటు కాదు. విడిగా టికెట్ కొనుక్కుంటేనే చౌక.

రోజుకు నాలుగైదు చోట్లకు మెట్రోలో తిరిగేవాళ్లకు టోక్యో సబ్‌వే టికెట్ ఉపయోగపడుతుంది. 24, 48, 72 గంటల రకాలున్నాయి. మొదటిసారి గేటు దాటినప్పటినుంచి గంటలు లెక్క. మెట్రో, తోయెయి కలిపి 13 లైన్లలోనూ చెల్లుతుంది. జేఆర్‌లో మాత్రం చెల్లదు కాబట్టి మీరు దిగిన హోటలు జేఆర్ స్టేషన్ దగ్గరుంటే ఆలోచించి కొనండి.

విమానాశ్రయం నుంచి

హనేదా ఊళ్లోనే ఉంది. కేక్యూ రైలు, లేదా హమామత్సుచో దాకా మోనోరైలు. నరీతా నగరం నడిబొడ్డుకి 60 కిలోమీటర్ల పైనే దూరం. ఉయెనో వైపు వెళ్లేవాళ్లకు కేసెయి స్కైలైనర్, టోక్యో స్టేషన్, షింజుకు వైపు వెళ్లేవాళ్లకు జేఆర్ వాళ్ల నరీతా ఎక్స్‌ప్రెస్ అనువుగా ఉంటాయి. ఈ రెండింటికీ మామూలు చార్జీతోపాటు సీటు టికెట్ విడిగా కొనాలి, కార్డు టచ్ చేసినంత మాత్రాన సరిపోదు.

పచ్చళ్లు, పొడులతో రెండేసి పెద్ద సూట్‌కేసులు తెచ్చుకున్నవాళ్లు వాటితో రైలెక్కే ఆలోచన మానుకోవాలి. విమానాశ్రయంలోనే సామాను ఇంటికి చేర్చే కౌంటర్లుంటాయి. అక్కడ అడ్రసిచ్చి అప్పగిస్తే టోక్యోలో ఉండే ఇంటికైతే సాధారణంగా మర్నాటికల్లా చేరుతుంది. మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి.

అక్షరం, అంకె

ప్రతి లైనుకీ ఒక రంగు, ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ప్రతి స్టేషనుకీ ఆ అక్షరం పక్కన ఒక అంకె ఉంటుంది. గింజా లైను నారింజ రంగు, అక్షరం జీ. షిబుయా జీ01, గింజా జీ09, అసాకుసా జీ19. పేరు పలకలేకపోయినా పర్వాలేదు. మీరున్న స్టేషన్ అంకె, వెళ్లాల్సిన అంకె తెలిస్తే ఎన్ని స్టేషన్లో లెక్క తేలిపోతుంది. అంకె పెరిగే వైపు వెళ్లాలో తగ్గే వైపు వెళ్లాలో కూడా తెలిసిపోతుంది. ప్లాట్‌ఫారమ్ మీద బోర్డులో మధ్యలో ఈ స్టేషన్ పేరు, రెండు పక్కలా ముందు వెనక స్టేషన్ల పేర్లు అంకెలతో సహా ఉంటాయి. రైల్లో తలుపు పైన తెర మీద వచ్చే స్టేషన్ పేరు జపనీసులో, ఇంగ్లీషులో మారుతూ కనిపిస్తుంది.

ఒక ప్రయాణం మొదటినుంచి చివరిదాకా: నిషికసాయి నుంచి అసాకుసా

ఎదొగావా వార్డులోని నిషికసాయి చుట్టుపక్కల భారతీయ కుటుంబాలు ఎక్కువ. ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువాళ్లూ అక్కడ ఉన్నారు. అందుకే అక్కడినుంచి అసాకుసాలోని సెన్సోజీ గుడికి వెళ్లి వద్దాం.

నిషికసాయి తోజాయి లైను మీద ఉంది, స్టేషన్ టీ16. అసాకుసా గింజా లైను చివరి స్టేషన్, జీ19. ఈ రెండు లైన్లూ కలిసేది నిహొంబాషి దగ్గర. అది తోజాయికి టీ10, గింజాకి జీ11. రెండూ టోక్యో మెట్రోవే కాబట్టి చార్జీ ఒకటే. నిహొంబాషిలో తోయెయి వాళ్ల అసాకుసా లైను కూడా దొరుకుతుంది, అదీ అసాకుసాకే వెళ్తుంది. కానీ సంస్థ మారుతుంది కాబట్టి ఎక్కువ పడుతుంది. పేరు చూసి అటు వెళ్లిపోకండి.

గేటు దగ్గర కార్డుని ఆ మెరిసే గుర్తు మీద ఒక క్షణం ఆనించండి. ఊపితే చదవదు. మీరు వెళ్లేది అంకె తగ్గే వైపు, అంటే నకానో వైపు. రైలు నుదుటి మీద నకానో అనే ఉండాలని లేదు. కొన్ని బండ్లు నకానో దాటి జేఆర్ పట్టాల మీద మితకా దాకా వెళ్తాయి, అవీ పనికొస్తాయి. టోక్యోలో ఇలా ఒక సంస్థ రైలు ఇంకో సంస్థ పట్టాల మీదికి వెళ్లిపోవడం మామూలే. అందుకే చివరి స్టేషన్ పేరు తెలియనిదైతే కంగారు పడకుండా, మీ స్టేషన్ ఆ దారిలో ఉందా లేదా అన్నదే చూసుకోండి.

ఆరు స్టేషన్ల తర్వాత నిహొంబాషి. దిగి, నారింజ రంగు వలయంలో జీ అక్షరం ఉన్న బోర్డుల వెంట నడవండి. ఇక్కడ గేటు దాటి బయటికి వెళ్లనక్కర్లేదు. కొన్ని స్టేషన్లలో మాత్రం మెట్రో నుంచి మెట్రోకి మారాలన్నా గేటు దాటాల్సి వస్తుంది. 60 నిమిషాల్లోపు మళ్లీ లోపలికి వెళ్తే అది ఒకే ప్రయాణం కింద లెక్క. గింజా లైను ప్లాట్‌ఫారమ్ దగ్గర రెండు వైపులుంటాయి: షిబుయా వైపు, అసాకుసా వైపు. ఎనిమిది స్టేషన్లు వెళ్తే చివరి స్టేషన్, అందరూ దిగిపోతారు. 1వ నంబరు ఎగ్జిట్ పసుపు బోర్డు చూసుకుంటూ పైకి వస్తే పెద్ద ఎర్ర లాంతరు వేలాడే కమినరిమోన్ ద్వారం అక్కడికి దగ్గరే. మొత్తం ముప్పావు గంట లోపే.

తిరిగి వచ్చేటప్పుడే అసలు చిక్కు. నిహొంబాషి నుంచి నిషిఫునబాషి వైపు వెళ్లే తోజాయి రైళ్లలో రెండు రకాలున్నాయి. ఒకటి అన్ని స్టేషన్లలో ఆగేది, తెర మీద లోకల్ అని ఉంటుంది. రెండోది రాపిడ్. ఈ రాపిడ్ టీ14 తోయోచో దాకా అన్నిచోట్లా ఆగుతుంది, అందుకే ఎక్కినవాళ్లకు అనుమానం రాదు. తోయోచో దాటాక నిషికసాయిని, కసాయిని వదిలేసి తిన్నగా టీ18 ఉరయాసులో ఆగుతుంది. ఇల్లు కిటికీలోంచి కనిపిస్తుంది, బండి ఆగదు. నిహొంబాషిలో రాపిడ్ వస్తే ఎక్కినా నష్టం లేదు, తోయోచోలో దిగి వెనక వచ్చే లోకల్ ఎక్కండి. పొరపాటున ఉరయాసు దాకా వెళ్లిపోతే గేటు దాటకుండా అవతలి వైపు లోకల్ ఎక్కి రెండు స్టేషన్లు వెనక్కి రండి.

టోక్యోలో ఏ లైను ఎక్కినా ఈ అలవాటు చేసుకోండి: బండి రకం చూడకుండా ఎక్కొద్దు. జపనీసులో అన్నిచోట్లా ఆగేదాన్ని కకుఎకి తెయిషా అనో ఫుత్సూ అనో అంటారు, రాపిడ్ అంటే కైసొకు, ఎక్స్‌ప్రెస్ అంటే క్యూకో, లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ అంటే తొక్క్యూ. జేఆర్‌లో తొక్క్యూ ఎక్కితే అదనంగా టికెట్ కొనాలి. కొన్ని ప్రైవేటు రైల్వేల్లో అదనం ఉండదు. తేల్చుకోలేకపోతే లోకల్ ఎక్కండి. పది నిమిషాలు ఆలస్యమైనా మీ స్టేషన్లో తప్పకుండా ఆగుతుంది.

యమనోతే, చూఓ

లేత ఆకుపచ్చ రంగు యమనోతే లైను గుండ్రంగా తిరుగుతుంది. 30 స్టేషన్లు, ఒక చుట్టుకి గంట. షిబుయా, హరజుకు, షింజుకు, ఉయెనో, అకిహబారా, టోక్యో అన్నీ దీని మీదే ఉన్నాయి. పొరపాటున ఎదురు వైపు బండి ఎక్కినా మునిగిపోయేదేమీ లేదు, ఎలాగూ వస్తుంది. మొదటిరోజు దీనిమీదే తిరిగితే ధైర్యం వస్తుంది.

అయితే వలయానికి ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లాలంటే దాని మీద కూర్చోవడం వృథా. టోక్యో స్టేషన్ నుంచి షింజుకుకి యమనోతేలో అరగంట పడితే, నారింజ రంగు చూఓ రాపిడ్‌లో పదిహేను నిమిషాలే. అకిహబారా నుంచి షింజుకు వెళ్లాలంటే పసుపు సోబు లైనులో ఒక స్టేషన్ వెళ్లి ఓచనోమిజులో దిగండి. అదే ప్లాట్‌ఫారమ్‌కి అవతలి అంచున చూఓ రాపిడ్ వస్తుంది. మెట్లు ఎక్కే పని లేదు, నాలుగడుగులు నడిస్తే చాలు.

ఓఎదో లైను మ్యాపులో గుండ్రంగా కనిపించినా నిజానికి ఇంగ్లీషు ఆరు అంకె ఆకారంలో ఉంటుంది, తోచోమాయెలో బండి మారాల్సి రావచ్చు. పైగా అది చాలా లోతు. రొప్పొంగి స్టేషన్లో ప్లాట్‌ఫారమ్ భూమికి 42 మీటర్ల కింద ఉంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ ఎస్కలేటర్లకు పట్టే సమయం కూడా లెక్కేసుకోవాలి.

ఎగ్జిట్ తెలియకుండా గేటు దాటకండి

షింజుకులో ఎగ్జిట్లు 200 పైనే ఉన్నాయి. రోజుకు 30 లక్షలకు పైగా జనం వచ్చిపోయే స్టేషన్ అది, ప్రపంచంలోనే అంత రద్దీది ఇంకోటి లేదు. తప్పు వైపు బయటపడితే మీరు వెళ్లాల్సిన భవనం కనిపించదు సరికదా, అవతలికి రావడానికి పావుగంట నడవాలి. ఉచితంగా పైనుంచి ఊరు చూసే నగర ప్రభుత్వ భవనానికి పడమటి వైపు, దుకాణాల సందడికి తూర్పు వైపు, దూరప్రాంత బస్సులకు న్యూ సౌత్ గేటు. టోక్యో స్టేషన్లో మరునౌచి వైపు ఎర్ర ఇటుకల పాత భవనం, రాజప్రాసాదం. యాయెసు వైపు షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) గేట్లు, బస్సులు. డిస్నీలాండ్‌కి వెళ్లే కేయో లైను అదే స్టేషన్లో ఉన్నా, అక్కడికి నడవడానికే పావుగంట పడుతుంది. షిబుయాలో గింజా లైను భూగర్భ రైలైనా మూడో అంతస్తులో ఆగుతుంది.

అందుకే బయల్దేరే ముందే మ్యాప్స్‌లో ఎగ్జిట్ నంబరు చూసి కాగితం మీద రాసుకోండి. మెట్రో ప్లాట్‌ఫారమ్‌ల మీద ఏ పెట్టెలో ఎక్కితే దిగిన చోట మెట్లు, లిఫ్టు దగ్గరపడతాయో చూపించే పట్టిక ఉంటుంది. పెద్దవాళ్లకు ఇది వరం. లిఫ్టు అన్ని ఎగ్జిట్లకూ ఉండదు. తరచుగా ఒక వైపే ఉంటుంది కాబట్టి లిఫ్టు బోర్డునే అనుసరించి పైకి వచ్చి, ఆ తర్వాత రోడ్డు మీద నడవడం మేలు. ఇంకో సంగతి, ఒకే పేరుతో దూరదూరంగా స్టేషన్లుంటాయి. త్సుకుబా ఎక్స్‌ప్రెస్ అసాకుసా, గింజా లైను అసాకుసా వేరు వేరు చోట్ల ఉన్నాయి.

రద్దీ, మర్యాద

మామూలు రోజుల్లో ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా బయల్దేరకండి. ముఖ్యంగా తోజాయి లైనులో ఊరి వైపు వెళ్లే బండ్లు కిక్కిరిసి ఉంటాయి. తొమ్మిదిన్నరకు వెళ్తే సీటు కూడా దొరకొచ్చు. కొన్ని లైన్లలో ఉదయం పూట ఆడవాళ్లకు ప్రత్యేక పెట్టె ఉంటుంది, ప్లాట్‌ఫారమ్ నేల మీద గులాబీ రంగు గుర్తు ఉంటుంది. ఆ సమయంలో మగవాళ్లు దాని ముందు నిలబడకూడదు.

గీతల వెంట వరుసలో నిలబడి, దిగేవాళ్లు దిగాక ఎక్కాలి. వీపు సంచి ముందుకు వేసుకోవాలి. రైల్లో ఫోన్ మాట్లాడరు. ఇంటినుంచి వీడియో కాల్ వస్తే కట్ చేసి, దిగాక చేయండి. మనం నలుగురం కలిస్తే గొంతు పెరుగుతుంది, కాస్త తగ్గించుకోవాలి. పులిహోర డబ్బా షింకాన్సెన్‌లో హాయిగా విప్పొచ్చు, నగరంలో తిరిగే రైళ్లలో వద్దు.

ఏదైనా తేడా వస్తే

గేటు మూసుకుని ఎర్రలైటు వెలిగితే చాలావరకు కార్డులో డబ్బు తక్కువైనట్టే. పక్కనే ఫేర్ అడ్జస్ట్‌మెంట్ మెషీన్ ఉంటుంది, కార్డు పెట్టి నగదు వేస్తే సరిపోతుంది. జరిమానా ఏమీ ఉండదు. లోపలికి వెళ్లి రైలెక్కకుండా అదే స్టేషన్లో బయటికి రాబోయినా కొన్నిచోట్ల గేటు ఆపేస్తుంది. అప్పుడు చివర్లో ఉద్యోగి కూర్చునే గేటు దగ్గరికి వెళ్లి "సుమిమాసెన్" అని కార్డు, ఫోన్‌లో మీ గమ్యం చూపించండి. భాష రాకపోయినా వేలుతో చూపించి, కాగితం మీద రాసి మరీ సాయం చేస్తారు.

భూకంపం హెచ్చరిక వస్తే రైలు ఆగిపోతుంది. తలుపు తీయడానికి ప్రయత్నించకుండా ప్రకటన వచ్చేదాకా లోపలే ఉండండి. ఏదైనా మర్చిపోతే ఏ లైను, ఎన్ని గంటలకు దిగారు, ఎన్నో పెట్టె అన్నవి చెప్తే వెతకడం సులువు. ఇక్కడ పోయిన వస్తువులు దొరకడం అరుదేమీ కాదు, కాబట్టి సిగ్గుపడకుండా అడగండి.

రైళ్లు రాత్రంతా నడవవు. అర్ధరాత్రి దాటి ఒంటిగంట లోపు ఆగిపోతాయి, మళ్లీ నాలుగున్నర, అయిదు మధ్య మొదలవుతాయి. రెండు మూడు లైన్లు మారాల్సినవాళ్లు చివరి లైనులో ఆఖరి బండి ఎన్నింటికో చూసుకుని వెనక్కి లెక్కేసుకోవాలి. మొదటి బండి దొరికినా రెండోది వెళ్లిపోయి ఉండొచ్చు. అప్పుడిక ట్యాక్సీయే గతి, అది రాత్రిపూట ఇంకా ఖరీదు. రాత్రి పదకొండు కల్లా తిరుగు రైల్లో ఉండేలా చూసుకోండి.